ఈలపిట్టకు దణ్ణం

అనగనగా ఒక కొండ, కొండ కింద ఒక ఊరు, ఆ ఊళ్ళో పైడమ్మ అని ఓ కోడలు. ఆ పిల్లకి ఈల వెయ్యడమంటే మహా సరదా. అచ్చం ఈలపిట్ట కూసినట్టే వేసేది. పుట్టింట మేకలు కాస్తూ పిట్టలతో పోట్లాడి పెరిగిన పిల్ల మరి! కొండ కింద తోపుల్లో పళ్ళు మెండు, పిట్టలూ మెండు, జానెడు చోటుకి మూరెడు తగువు. అక్కడ ఈల వేస్తే, నా చోట్లోకి ఎవరొచ్చారంటూ ఈలపిట్ట మీదపడి పొడిచేది. నడికొండలో అయితే కొమ్మ మీదికొచ్చి తిట్టిపోయేది. కొండ కొసన బోలెడు చోటు, నాలుగే పిట్టలు. అక్కడ ఎంత ఈల వేసినా పలికేదే కాదు.

మామగారు గురివినాయుడికి మాత్రం ఈలంటే ఒళ్ళుమంట. ఇంటి కోడలు ఈల వెయ్యడమేవిటని, మళ్ళీ వేస్తే నా మీద ఒట్టేనన్నాడు. పాపం, పైడమ్మ నోరు కట్టేసుకుంది. ఊ కొడుతున్నారా? ఆ, కొట్టండి.

ఓ రోజు మామా కోడలూ విస్తళ్ళు కుట్టే అడ్డాకులు కొయ్యడానికి కొండ కొసకెక్కారు. పట్టపగలే మంచు కమ్మేసింది. చెయ్యి చాపితే చెయ్యి కనపడదు. పిట్ట అరవని దారే మంచి దారని మామగారు ముందు నడిచాడు. కాలికింద రాయి జారింది. జారిందీ, జారిందీ, కింద పడ్డ చప్పుడే లేదు! పైడమ్మ ఆయన్ని పంచె పట్టుకుని వెనక్కి లాగింది.

“మావయ్యా, మీకు దణ్ణం పెడతాను, ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టండి!”

ముసలాయన సరేనన్నాడు. పైడమ్మ ఈల వేసింది, పిట్ట పలకలేదు. ఇటు నాలుగడుగులు, ఈల, పలకలేదు. అటు నాలుగడుగులు, ఈల, దూరాన్నించి తిట్టింది. తిట్టిన వైపే దిగారు. ఇంకో ఈల, కొమ్మ మీదికొచ్చి తిట్టింది. ఇంకో ఈల, చెవి పక్కనే తిట్టింది. తిట్లు పెరిగిన వైపే నడక, అటే కదా ఊరు! నవ్వకండర్రా, వాళ్ళ ప్రాణాలు ఆ తిట్ల మీదే ఉన్నాయి.

ఆఖరి ఈల వేసిందో లేదో, పిట్ట రివ్వున వచ్చి మామగారి బట్టతల మీద టక్కున పొడిచింది.

“పొడువు తల్లీ, ఇంకోటి పొడువు! ఇల్లు చేరాం!” అని ఆయన చేతులు జోడించి ఏడ్చేశాడు.

అది మొదలు ఆ ఇంట కొత్త సామలొస్తే తొలి గుప్పెడు పిట్టకే, తోపులో రాతి మీద. ఈల వెయ్యమ్మా అని మామగారే కోడల్ని బతిమాలి, తలపాగా తీసి నిలబడేవాడు. మేలు చేసినవాళ్ళు ముద్దుగానే పలకాలని లేదు, వాళ్ళని మరిచిపోకండి. కథ కొండ దిగి కంచి దారి పట్టింది, మీరు దుప్పట్లోకి దూరండి.