గీత మీద చిలుక

అనగనగా ఒక రాజు. ఆయన పొలిమేర అవతల ఇంకో రాజు. కేతకీపురం రాజుకు శైలవరం రాజంటే పడదు, శైలవరం రాజుకు కేతకీపురం రాజంటే ఒళ్లుమంట. జానెడు నేల కోసం మొదలైన తగువు తెగక, ఏడు సముద్రాల అవతల నుంచి ధూమాక్షుడనే మాంత్రికుణ్ణి పిలిపించుకున్నారు. మహా తెలివైన పని చేశారు.

వాడు వచ్చి నేల మీద ఒక గీత గీశాడు. గీతకు ఆనుకుని అటొక జెండా కొయ్య, ఇటొక జెండా కొయ్య పాతించాడు. నడుమ, రెండు జెండాల అంచుల కింద, గీత మీద ఒక పీట వేసి తన చిలుకను కూర్చోబెట్టాడు. రోజూ పొద్దుగూకే వేళ రెండు సైన్యాలూ వచ్చి బలం చూపించుకోవాలన్నాడు. ఆపైన నగారా మోగుతుండగా రెండు జెండాలూ సమంగా దిగాలి. ఏ జెండా ముందు నేల తాకితే ఆ రాజ్యమంతా రాయవుతుంది. గీత మీదికి కాలు వచ్చినా కత్తి వచ్చినా ఆ మనిషి రాయే.

అప్పటినుంచి సైనికులు మీసాలు మెలేసి, కాళ్లు తలదాకా ఎత్తి నేల దద్దరిల్లేలా కొట్టేవారు. తల్లులు పిల్లల్ని కొంగు కింద దాచుకుని, ఊపిరి బిగబట్టి జెండాల వైపే చూసేవారు.

కేతకీపురం రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జెండా తాడు పట్టడానికి వెళ్లాడు. కవాతు ఊపులో ఒక అడుగు ఎక్కువ వేశాడు, రాయయ్యాడు. రెండోవాడు వెళ్లాడు. అన్నను చూసి కోపం పట్టలేక చిలుక మీదికి కత్తి విసరబోయాడు, రాయయ్యాడు. ఇక మిగిలింది మూడోవాడు సుదంతుడు.

సుదంతుడికి భయం. దాచుకోలేనంత భయం. ఎదురుగా శైలవరం తాడు పట్టుకున్నది ఆ రాజు కూతురు కువలయ. జెండాలు సమంగా దిగాలంటే పైకి చూస్తే లాభం లేదు, అవతలివాళ్ల చేతుల్ని చూడాలి. అలా ఆమె చేతుల్ని అతను, అతని చేతుల్ని ఆమె చూసుకుంటూ కొంచెం కొంచెంగా తాడు వదిలేవారు. ఆమె చేతులూ వణుకుతున్నాయని అతనొక్కడికే తెలుసు.

ఒకనాడు రాతి అన్నల పక్కన కూర్చుని అతను ఏడుస్తుంటే, చెట్ల మీదుగా రెండు రాజ్యాలూ తిరిగే ముసలి ఉడుత ఒకటి దిగివచ్చింది.

"నాయనా, ఆ మాంత్రికుడి ప్రాణం ఆ చిలుకలో ఉంది. వాడి మంత్రం కాలినీ కత్తినీ ఆపుతుంది గానీ, జెండాను ఆపదు. ఒక్కటే పడితే చిలుక రెండోవైపు ఎగిరిపోతుంది. రెండూ ఒక్కసారే మీద పడాలి."

సుదంతుడు కువలయ తాడు వైపు చూశాడు. తను తాడు వదిలి, ఆమె వదలకపోతే? అమ్మ, నాన్న, ఉయ్యాల్లో పసిపిల్లలు, అందరూ రాళ్లే. కానీ వణికే చేతుల్లోంచి ఏదో ఒకనాడు తాడు జారక మానదు. రేపు మూడో నగారా దెబ్బకు తను వదిలేస్తానని ఆమెకు చెప్పమన్నాడు. ఉడుత వెళ్లి వచ్చింది. అమ్మాయి అంతా విన్నదట, ఏమీ అనలేదట.

మర్నాడు సాయంత్రం కవాతు ముగిసింది. చిలుక వెనక ధూమాక్షుడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మొదటి నగారా మోగింది. రెండోది మోగింది. సుదంతుడు తాడు పట్టుకుని ఎదురుచూశాడు. ఆమె ముఖం వైపు చూడలేదు, చేతులే చూశాడు. మూడోది మోగింది. వదిలేశాడు.

ఇత్తడి గుండ్లు కట్టిన రెండు జెండాలూ దబ్బున పడ్డాయి. చిలుక ఇటు ఎగరబోతే ఇటు జెండా, అటు ఎగరబోతే అటు జెండా. గుడ్డల కింద కీచుమని ఒక్క అరుపు, అంతే. జనం తమ చేతులూ కాళ్లూ రాయవుతున్నాయేమోనని తడుముకున్నారు. ఎవరికీ ఏమీ కాలేదు. ధూమాక్షుడు మాత్రం నిలువునా కూలాడు. రాతి అన్నలు ఊపిరి పీల్చుకుని కళ్లు తెరిచారు.

గీత చెరిపేసి, అక్కడే పందిరి వేసి కువలయకూ సుదంతుడికీ పెళ్లి చేశారు. వాళ్లిద్దరూ రెండు రాజ్యాలనూ ఒక్కటి చేసి, జుట్టు నెరిసేదాకా చల్లగా ఏలారు. ఆనాడు తాడు ముందు ఎవరు వదిలారని మనవలు అడిగితే, తాతేమో అవ్వ వైపు, అవ్వేమో తాత వైపు వేలు చూపించేవారు.