కారడం ఆగిన ఇల్లు

ఈ మాట ఇంతవరకు పైకి అనలేదు: మా ఇంట్లో అందరికీ తెలివి ఎక్కువే గానీ, అందులో సగం పైచిలుకు నాదేనని నా నమ్మకం. ఎవరూ నేర్పకుండా, ఫోన్లో వీడియోలు చూసి నీళ్ళ మోటారు బాగుచేశాను. అదిప్పుడు తిరగదు. కానీ మునుపటిలా చప్పుడు చెయ్యదు.

మాది పాత రేకుల ఇల్లు. అమ్మ అప్పడాలు చేసి అమ్ముతుంది. వరాలమ్మగారింటి పెళ్ళికి అప్పడాలు ఒప్పుకుంది. ఇవి నచ్చితే ఊళ్ళో పెళ్ళిళ్ళన్నీ మావే, పాడైతే మళ్ళీ ఎవరూ మా గడప తొక్కరు. చేసి, ఆరబెట్టి, నడవలో పేర్చి పైన పట్టా కప్పాం. అంతలో వాన. ఇంకేముంది, ఇల్లంతా కారడం మొదలు.

మా మేనత్త కొడుకు సూరిబాబు రేకుల పని చేస్తాడు. దారిన పోతూ ఆగాడు.

"చూరు కాలువలో చెత్త తీసెయ్యి మావయ్యా. కారేచోట గుర్తు పెట్టు. రేకులకి తడి తగిలితే తుప్పే. రేపొచ్చి చూస్తాలే."

"నువ్వెందుకూ, మాకు చేతుల్లేవా?" అన్నాడు నాన్న.

అంతే. అన్నయ్య గణపతి, చుక్క పడ్డచోటల్లా నేలమీద సుద్దతో సున్నా చుట్టాడు. నాన్న నిచ్చెనెక్కి రేకులన్నీ వెతికాడు.

"ఇక్కడ ఒక్క సున్నా కూడా లేదేంట్రా?"

నేను బాగా ఆలోచించి చెప్పాను: "కిందనుంచి మేకు కొడితే మొన పైకొస్తుంది. అదే గుర్తు."

కొట్టాం. కొట్టిన ప్రతిచోటా కారింది.

"చూశావా, ఒక్కటీ గురి తప్పలేదు," అన్నాడు అన్నయ్య.

ఇక చూరు కాలువ. నాన్న అద్దంలా చేశాడు.

"చెత్తేదీ?" అంది అమ్మ.

"కిందికి దిగే గొట్టంలోకి తోసేశా. కాలువలోది తియ్యమన్నాడు, గొట్టం సంగతి ఎత్తలేదుగా."

ఇంకేముంది, కాలువ నిండి పొర్లి, నీళ్ళు గోడమీదుగా లోపలికే వచ్చాయి.

వాన తెరిపిచ్చాక అమ్మ కొట్టుకెళ్తే సూరిబాబు ఎదురయ్యాడట. మేకుల సంగతి విని తల పట్టుకుని, "ఇక ఆ రేకులు తీసేస్తే గానీ కారడం ఆగదత్తా," అన్నాడట.

"ఇంత తేలికైన పని ముందే చెప్పొచ్చుగా," అని నాన్న విసుక్కున్నాడు.

పొద్దువాలకముందే రేకులన్నీ ఊడదీసి పెరట్లో పేర్చాం. పేర్చామో లేదో, వాన మళ్ళీ అందుకుంది. నాన్న నడింట్లో నిలబడి చెయ్యి చాపాడు.

"కారుతోందంటావా?"

"లేదు నాన్నా. కారడానికి కప్పుండాలిగా. ఇది వట్టి వానే," అన్నాను.

"ఇప్పుడొచ్చి నవ్వమను ఆ సూరిగాణ్ణి."

పెరట్లోంచి అమ్మ గాభరాగా పిలిచింది. "రేకులు తడిసిపోతున్నాయే, తుప్పు పడతాయి. ఆ అప్పడాల మీది పట్టా పట్రండి."

పరుగున తెచ్చి, రేకులకి నాలుగు మూలలా బిగించి కట్టాం. ఒక్క చుక్క తగలనిస్తే ఒట్టు.

తిరిగొచ్చి చూస్తే నడవలో అప్పడాల్లేవు. ఆ చోట తెల్లటి జావ, అందులో జీలకర్ర తేలుతూ ఉంది. అమ్మ గుమ్మంలో చతికిలబడింది.

"రేపు వరాలమ్మగారి మనుషులొస్తే ఏ మొహం చూపించనే?"

"గుండ్రం పోయింది గానీ సరుకెక్కడికీ పోలేదుగా," అన్నాడు నాన్న.

అమ్మ కళ్ళనీళ్ళు చూడలేకపోయాను. ఉన్న తెలివంతా కూడదీసుకుని, ఆఖరికి వరాలమ్మగారికే ఫోన్ చేద్దామని నిశ్చయించుకున్నాను. అప్పడాలు సిద్ధమేననీ, తూకం అనుకున్నదానికంటే ఎక్కువే వచ్చిందనీ చెప్పాలి. పట్టుకెళ్ళడానికి బుట్టలు కాదు, గంగాళం తెచ్చుకోమనాలి.