భానోజీ మూయని దేవుళ్ళు

పరదేశి స్వామివారికి ఒక అలవాటు ఉండేది. ఎవరేం అడిగినా వెంటనే జవాబు చెప్పేవారు కాదు. "కూర్చో నాయనా, చేతిలో పని అవనీ" అనేవారు. ఆ పని అయ్యేసరికి అడిగినవాడికి సగం జవాబు దొరికేది, మిగతా సగం ఇంటికెళ్ళాక దొరికేది. అసలు దొరకనివాళ్ళూ ఉన్నారనుకోండి, అది వేరే సంగతి.

ఆయన శిష్యుడు భానోజీ ఒక సాయంత్రం వచ్చి అడిగిన ప్రశ్న మాత్రం, అంతకుముందు ఏ శిష్యుడూ ఏ గురువుగారినీ అడిగి ఉండడు. "స్వామీ, మన పాత కంప్యూటరులో ఏ బ్రౌజరు పెట్టుకోమంటారు?"

నవ్వొస్తుంది కదూ? భానోజీకి నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ ప్రశ్న వెనక మనుషుల ప్రాణాలున్నాయి.

కొండవాగుని అక్కడ గెడ్డ అంటారు. ఆశ్రమం ఆ గెడ్డ ఒడ్డున ఉంది. అవతలి ఒడ్డున కొండ ఊళ్ళు, ఇవతల సంత. సంతరోజు పొద్దున్నే ఆడవాళ్ళు పసుపు, చింతపండు మూటలు నెత్తిన పెట్టుకుని మోకాటిలోతు నీళ్ళలో నడిచి గెడ్డ దాటుతారు. ఎగువన రిజర్వాయరు ఉంది. దాని తలుపులు ఎత్తారంటే ఆ మోకాటిలోతు చూస్తుండగానే నిలువులోతు అయిపోతుంది. అక్కడ సైరను వేస్తారు గాని మధ్యలో కొండ అడ్డు, ఇక్కడికి వినపడదు. సెల్లులకి సిగ్నలు లేదు. ఆశ్రమంలో మాత్రం, పాత టెలిఫోను తీగ మీద ఆగి ఆగి నడిచే నెట్టు ఉంది. ఎవరో భక్తుడు తన ఆఫీసులో మూలపడేస్తే తెచ్చిచ్చిన కంప్యూటరు ఉంది. తలుపులు ఎత్తే ముందు రిజర్వాయరువాళ్ళు తమ పేజీలో ఎర్ర గీత పెడతారు. ఆ గీత చూసి భానోజీ ఒడ్డునున్న ఇత్తడి గంట కొట్టాలి. గంట మోగితే ఎవరూ నీళ్ళలో దిగరు. ఆశ్రమంలో అతనికి అప్పజెప్పిన సేవ అదే.

కిందటి సంతరోజున గంట మోగడం ఆలస్యమైంది. పేజీ తెరుచుకునేసరికి నీళ్ళు రానే వచ్చాయి. సన్యాసమ్మ అనే పెద్దావిడ మెడదాకా మునిగి, కొట్టుకొచ్చిన దుంగ పట్టుకుని ఎలాగో బయటపడింది. తడి కోకతోనే తిన్నగా ఆశ్రమానికొచ్చి నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

"ఏటి బాబూ, నీ గంటకి నిద్దరట్టేసిందేటి? నాను పోతే నా కోళ్ళకి గింజలు నీ సామి ఏస్తాడేటి?" అంది.

నవ్వుతూనే అంది. ఆ నవ్వుకే భానోజీకి అన్నం సహించలేదు.

తప్పంతా బ్రౌజరుదేనని అతని నమ్మకం. ఒకటి తీసి ఇంకొకటి పెట్టాడు, అది తీసి మరొకటి పెట్టాడు. ఏది పెట్టినా కంప్యూటరు ఆయాసపడుతూనే ఉంది. బాగుచేసే అతను వచ్చి చూసి, "బొమ్మలు చూపించని బ్రౌజరు ఒకటుందండీ. వట్టి అక్షరాలే వస్తాయి. ఈ ముసలిదానికి అదే మందు" అన్నాడు.

అక్కడే భానోజీ మనసు అడ్డం తిరిగింది. అతను పొద్దున్నే స్నానం చేసి కంప్యూటరు పెట్టగానే ముందు స్వాముల దర్శనం చేసుకునేవాడు. శుభమా అని రోజు మొదలుపెడుతూ నీటిమట్టం ఎవరు చూస్తారు? వినాయకుడు, అప్పన్న, సత్యనారాయణస్వామి, వెంకన్న, అమ్మవారు, ఒక్కొక్కరికీ ఒక్కో ట్యాబు. హారతులు, మంగళవాద్యాలు, పైనుంచి రాలే పూలు. దర్శనం అయ్యాక ఏ ఒక్కరినీ మూసేవాడు కాదు. పైన మూలనున్న ఆ చిన్న గుర్తు నొక్కితే స్వామి ముఖం చటుక్కున మాయమైపోతుంది. అందుకు అతనికి చెయ్యి వచ్చేది కాదు. బ్రౌజరు మార్చిన ప్రతిసారీ అందరినీ మళ్ళీ వరసగా కొలువుతీర్చేవాడు. వాళ్ళందరి వెనక, ఆఖరున, ఎర్ర గీత పేజీ.

"తేలికది పెడితే స్వామి ముఖం కనపడదు. బరువైనది పెడితే నీళ్ళ కబురు అందదు. ఏది పెట్టమంటారు స్వామీ?"

"పొద్దున్న పూజకి నా పక్కన కూర్చో" అన్నారు స్వామివారు.

గెడ్డ ఒండ్రుమట్టితో రోజూ ఒక లింగం చేసి పూజించడం స్వామివారి పద్ధతి. ఆవాహన చేసి రమ్మంటారు, పూజ చేస్తారు, ఉద్వాసన చెప్పి సాగనంపి, ఆ మట్టిని నీళ్ళ పళ్ళెంలో కలిపేస్తారు. మర్నాడు మళ్ళీ కొత్త లింగం.

ఆ పొద్దున, సంతరోజే, భానోజీ తన స్వాములందరినీ తెరిచి, చివర ఎర్ర గీత పేజీ నొక్కి, అది తెరుచుకునేలోగా వచ్చి కూర్చున్నాడు. పూజ అయింది. తీర్థం కోసం చెయ్యి చాపాడు. స్వామివారు ఆ చేతిలో లింగాన్ని పెట్టారు. ఉద్వాసన చెప్పలేదు. ఇంకో లింగం చేశారు, పూజ చేశారు, దాన్ని అతని ఎడమ చేతిలో పెట్టారు. మూడోదానికి మట్టి పిసకడం మొదలుపెట్టారు.

భానోజీకి చేతులు బరువెక్కాయి. "స్వామీ, వీరిని ఎక్కడ దించమంటారు?"

"దేవుణ్ణి దించెయ్యడమేమిటి, భానోజీ?" అన్నారు స్వామివారు, తల ఎత్తకుండా.

భానోజీ తలుపులోంచి లోపలి గదికేసి చూశాడు. కంప్యూటరు తెర మీద పేజీ పైనుంచి కిందికి, చాప విప్పుతున్నట్టు, నెమ్మదిగా పరుచుకుంటోంది. ముందు పేరు వచ్చింది. తర్వాత తేదీ. ఆ తర్వాత, ఎర్ర గీత.

గెడ్డకేసి చూశాడు. గంట మోగలేదు గనక ఆడవాళ్ళు దిగేశారు. ముందు సన్యాసమ్మ, వెనక మిగతావాళ్ళు, నెత్తిన మూటలు.

"స్వామీ!"

స్వామివారు తెరా చూశారు, గెడ్డా చూశారు. కీళ్ళు పట్టేసిన మనిషి, లేవబోయి లేవలేకపోయారు. ఆయన చెబుదామనుకున్న పాఠం ఇది కాదు. భానోజీ లేచి నిలబడ్డాడు. రెండు చేతుల్లోనూ దేవుడు. గంట తాడు పట్టుకోవడానికి చెయ్యి లేదు.

"వదిలెయ్యనా స్వామీ?"

"నన్నడుగుతున్నావా!"

భానోజీ నీళ్ళ పళ్ళెం మీద చేతులు ఆనించి, "యథాస్థానం ప్రవేశయామి" అని ఉద్వాసన చెప్పాడు. అంత మనస్ఫూర్తిగా ఆ మాట అతను ఎన్నడూ అనలేదు. చేతులు విప్పాడు. ఒక్క పరుగున వెళ్ళి తాడు అందుకున్నాడు.

గంట మోగింది. నీళ్ళలో ఉన్నవాళ్ళు ఉలిక్కిపడి వెనక్కి తిరిగారు. మూటలు వదిలేసి ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. సన్యాసమ్మ ఆఖరున ఒడ్డెక్కుతుంటే ఎర్రటి నీళ్ళు ఆమె కాళ్ళ వెనకే వచ్చాయి. ఆ హోరు మీంచి ఆమె కేక ఇవతలి ఒడ్డుకి వినపడింది. "ఇయ్యాల నీ గంట మెలకువగానే ఉందే, బాబూ!"

భానోజీ అక్కడే కూలబడి కాసేపు ఏడ్చాడు. తర్వాత లోపలికి వెళ్ళి, చేతులకి మట్టి ఉండగానే కంప్యూటరు ముందు కూర్చున్నాడు. వినాయకుడికి దణ్ణం పెట్టి, "వెళ్ళి మళ్ళీ రా తండ్రీ" అని మూశాడు. అప్పన్నకి దణ్ణం పెట్టి మూశాడు. ఒక్కొక్కరినీ అలాగే సాగనంపాడు. చివరికి తెర మీద ఎర్ర గీత ఒక్కటే మిగిలింది.

బయటికి వచ్చేసరికి స్వామివారు పళ్ళెంలోని నీళ్ళని వేలితో కలుపుతున్నారు. మట్టి కరిగిపోయింది. ఏది ఏ లింగమో తెలియడం లేదు.

"బ్రౌజరు సంగతి ఇంకా చెప్పలేదు స్వామీ" అన్నాడు భానోజీ. "బొమ్మలున్నదా, లేనిదా?"

స్వామివారు అతని చేతులకేసి చూశారు. ఒక అరచేతిలో మట్టి, ఇంకో అరచేతిలో తాడు ఒరిపిడికి రేగిన చర్మం.

"తాడు పట్టుకోవలసిన చేతిలో ఇంకేం పెట్టుకోవచ్చో," అన్నారు, "ఆ చేతినే అడుగు, నాయనా."