పైడమ్మ ఒంటికొమ్ము ఎద్దు

సముద్రపుటొడ్డున ఒక రాజ్యం. అక్కడి రాజుగారికి వింత జంతువులను తెచ్చి బోనుల్లో పెట్టడమంటే మహా సరదా. ఆ సరదా జంతువులకు మాత్రం ఉండేది కాదు.

ఒకనాడు ఓడ దిగిన ఒక యూదు వర్తకుడు రాజుగారితో తమ హీబ్రూ గ్రంథంలో ‘రేయెమ్’ అనే అడవి జంతువు ఉందని చెప్పాడు.

“అంటే ఒంటికొమ్ము మృగం ప్రభూ!” అని ఆస్థాన పండితుడు అర్థం తేల్చేసి, ఊళ్లోని పైడమ్మ అనే పేదరాలి ఎద్దును పట్టించి సభకు తెచ్చాడు. తల్లిలేని దూడకు గంజి తాగించి ఆమె పెంచుకున్న ఎద్దు అది. ఒక కొమ్ము చిన్నప్పుడే విరిగింది.

ఎద్దు వెంటే సభకు వచ్చిన పైడమ్మ కన్నీళ్లు తుడుచుకుని వర్తకుణ్ణి అడిగింది. “బాబూ, మీ గ్రంథంలోని ఆ జంతువు మనిషికి మచ్చికవుతుందా?”

“కొమ్ముల లెక్క నాకు తెలియదమ్మా. మచ్చిక మాత్రం ఎన్నటికీ కాదు.”

“అయితే మారాజా, తాడు విప్పించండి. అడవి దారి పడితే అది మీదే.”

విప్పారు. ఎద్దు నేరుగా వచ్చి పైడమ్మ భుజం మీద గడ్డం ఆనించింది.

“పట్టుకోండి, పట్టుకోండి!” అని పండితుడు కేకలు పెట్టాడు.

“పారిపోతే కదా బాబూ, పట్టుకోవడానికి?” అంది పైడమ్మ.

రాజుగారు పండితుణ్ణి చేత్తో వారించారు. “తోలుకుపో తల్లీ” అన్నారు.

తోలే పనిలేకపోయింది. ఆమె నడిచింది, అది వెంట వెళ్లింది.