వెనక గుమ్మంలోంచి టీ

దర్గా కంప్యూటరులో రెండో నెట్‌వర్క్ కార్డు బిగించిన దగ్గర్నుంచీ షాషావలికి కంటిమీద కునుకు లేదు.

కొండమీది దర్గా అది. గాలి గట్టిగా వీస్తే చాలు, పాత ఇంటర్నెట్ లైను పడిపోయేది. గురువారం జరిగే జిక్రును, అంటే దైవనామ స్మరణను, రికార్డు చేసి ఆ కంప్యూటరులో పెడతారు. ఎక్కడెక్కడో ఉన్న మురీదులు, అదే దర్గా శిష్యులు, విని కళ్లు తుడుచుకుంటారు. వాళ్లకోసమే ఇంకో లైను తెప్పించారు. లైనుకో కార్డు. మన షాషావలి ఈ ఫకీరు దారికి రాకముందు బెంగళూరులో ఏళ్ల తరబడి లినక్స్‌తో కాపురం చేసినవాడే. వాడికిదో లెక్కా? చిటికెలో ముగించి, కొత్త లైను చిరునామా అందరికీ పంపేశాడు.

అంతే! బయటివాళ్లలో ఒక్కరికీ ఒక్క ముక్క వినబడితే ఒట్టు.

"వాళ్లు అడుగుతున్నది మనదాకా వస్తోంది బాబా. ఇదిగో, మనం జవాబూ పంపిస్తున్నాం. అయినా అందలేదనే అంటున్నారు," అని తెర చూపించాడు.

దర్గా పెద్ద నూరుల్లా బాబాకు తెరమీద పరుగెత్తే ఆ అక్షరాలు ఒక్కటీ తెలీవు. శిష్యుడి మొహం మాత్రం బాగా తెలుసు. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

ఆ ఏడుపు కంప్యూటరు కోసం కాదు. శుక్రవారం సెలవు దొరకగానే కువైట్ నుంచి వాళ్ల ఆపా జైతూన్ ఫోన్ మీద ఫోన్ చేస్తుంది. ఇవాళా పొద్దున్నే చేసింది. తల్లి పోయాక వాణ్ని చంకనేసుకుని పెంచింది ఆ అక్కే. వీడు ఫోనెత్తడు. ఆమె గొంతు వింటే అన్నీ వదిలేసి పరుగెత్తుకు పోతానేమోనని భయం. మోగుతున్న ఫోను పక్కన పెట్టి, చేతులు పైకెత్తి, ఆమె కోసం గడ్డం తడిసిపోయేదాకా దువా చేస్తాడు. అంత బెంగ పెట్టుకుని ఏం బతుకుతాడు చెప్పండి!

బాబా ఏదో అనబోయేంతలో ముందు తలుపు ఎవరో తట్టారు. దుమ్ము పడుతుందని ఆ గది తలుపు ఎప్పుడూ వేసే ఉంచుతారు.

"బాబా, ఎండన పడి ఎక్కొచ్చాను. కాస్త టీ ఇప్పించండి."

"వస్తున్నా బేటా," అంటూ బాబా ఫ్లాస్కులోంచి గ్లాసు నిండా టీ వంచి, వెనక గుమ్మంలోంచి బయటికి నడిచాడు.

కాసేపటికి అదే గ్లాసు, అదే టీతో తిరిగొచ్చాడు.

"ఇవ్వలేదా బాబా?"

"తీసుకెళ్లాను. అక్కడ ఒక్క మేక తప్ప ఎవరూ లేరు."

"అయ్యో, ఆయన పిలిచింది ముందు గుమ్మంలోంచి కదా!"

"టీ బాగానే ఉందే. చక్కెర కూడా వేశాను," అన్నాడు బాబా, పాపం ఏమీ ఎరగనట్టు.

తలుపు మళ్లీ మోగింది. షాషావలికి నవ్వొచ్చింది. వెళ్లి తలుపు తీసి, ఆ గ్లాసు అందించి వచ్చాడు. కుర్చీలో కూర్చోబోతూ ఆగిపోయాడు.

"నా తెలివి తెల్లారినట్టే ఉంది!"

బయటికి పోయే దారి రెండు కార్డులకూ రాసి ఊరుకున్నాడు. అలా రాస్తే యంత్రం పాత దారినే పట్టుకుంటుంది. కొత్త కార్డులోంచి వచ్చి అడిగినవాళ్లకు జవాబు పాత కార్డులోంచి పోతోంది. తమది కాని చిరునామాతో వచ్చిన ఆ జవాబును పాత లైనువాళ్లు మధ్యలోనే ఆపేస్తున్నారు. ఏ కార్డుకు వచ్చినవాళ్లకు ఆ కార్డులోంచే జవాబు వెళ్లాలని రెండు వరసలు రాశాడు. ఆ వెంటనే కర్నూలు మురీదు ఒకాయన కబురు పెట్టాడు, వినబడుతోందని. మనవాడి మొహం వెలిగిపోయింది.

అప్పుడే వాడి ఫోను మోగింది. ఆపా.

అలవాటుగా ఫోను పక్కన పెట్టి, రెండు చేతులూ పైకెత్తాడు. దువా అందుకున్నాడు.

బాబా ఆ రెండు చేతులూ పట్టుకుని మెల్లగా కిందికి దించాడు.

"ఆమె పైనుంచి పిలవట్లేదు బేటా."

మోగడం ఇక ఆగిపోతుందనగా షాషావలి ఫోనెత్తి చెవికి ఆనించుకున్నాడు. అవతల ఆపా ఎవరితోనో మాట్లాడుతోంది. వీడు ఎత్తినట్టు ఆమెకింకా తెలీదు.

"ఎత్తడులే. మోగనీ. మోగుతోందంటే వాడున్నట్టేగా."

"ఆపా," అన్నాడు.