అడుగుజాడ లేని పచ్చిక

అనగనగా ఒక అడవిలో ఒక బడి ఉండేది. నవ్వకండర్రా, నిజంగా బడే! రామచిలక అక్కడ పంతులమ్మ. గుక్క తిప్పుకోకుండా పాఠం చదివినవాళ్ల మెడలో అడవిమల్లెల దండ వేయడం ఆ బడి పద్ధతి. దండలన్నీ చెంగి అనే కుందేలు పిల్లకే పడేవి.

ఒకరోజు పంతులమ్మ తాటాకు మీద పాఠం ఇచ్చింది. చెంగి గడగడా చదివేసింది.

"వాగు పక్క పచ్చిక భలే ముద్దుగా ఉంటుంది. దాని మీద ఒక్క అడుగుజాడైనా కనబడదు. దుప్పి వెళ్లింది, రాలేదు. కణుజు వెళ్లింది, రాలేదు. నక్క వెళ్లింది, రాలేదు."

"శభాష్!" అంది పంతులమ్మ. దండ పడింది.

తర్వాత బుజ్జమ్మ అనే అడవిపంది పిల్ల లేచింది. రెండో వాక్యం దగ్గరే ఆగిపోయింది.

"పంతులమ్మా, అంత మంచి పచ్చికను ఎవరూ ఎందుకు మేయలేదు?"

"ముందు చదువు!"

చివరి వాక్యం దగ్గర మళ్లీ ఆగింది. "వెళ్లినవాళ్ల అడుగులైనా ఉండాలి కదండీ?"

"అడ్డు ప్రశ్నలు వేయకు!"

"మరి వాళ్లంతా ఏమయ్యారు?"

"పాఠంలో లేనిది నన్నడుగుతావేంటే? పో, ఆ చెట్టు కింద నిలబడు!"

అందరూ పకపకా నవ్వారు. చెంగి అందరికంటే ఎక్కువ నవ్వింది.

సాయంత్రం బడి వదిలారు. మండు వేసవి. ఎక్కడా గడ్డిపోచ లేదు. వాగు పక్కన మాత్రం పచ్చగా, మెత్తగా పచ్చిక. దాని మీద ఒక్క అడుగుజాడ లేదు. చెంగికి నోరూరింది. ఒక్క గెంతు గెంతింది.

అయ్యో! పచ్చిక కింద అంతా ఊబి! కాళ్లు దిగబడ్డాయి. తన్నుకున్న కొద్దీ నడుం దాకా మునిగింది. కేకలు విని పంతులమ్మ ఎగురుకుంటూ వచ్చింది.

"ఒసేయ్ చెంగీ! పొద్దున చదివింది ఈ పచ్చిక గురించే కదే!"

"ఆ పాఠమా? నాకు కంఠతా వచ్చండీ. అప్పజెప్పనా?"

మెడ దాకా బురదలో ఉండి, ఏడుస్తూనే మొదలుపెట్టింది. "వాగు పక్క పచ్చిక భలే ముద్దుగా..."

పంతులమ్మ కిందికి చూసింది. తాను వేసిన మల్లెదండ బురదలో తేలుతోంది.

ఇంతలో బుజ్జమ్మ పరుగున వచ్చింది. ఒడ్డున ఉన్న పొడుగాటి తీగను పళ్లతో పెరికింది.

"చెంగీ, తన్నుకోకు! పంతులమ్మా, ఈ కొస దాని నోటికివ్వండి!"

చిలక తీగ కొసను ముక్కున కరిచి అందించింది. బుజ్జమ్మ లాగింది. చెంగి చివరికి ఒడ్డున పడింది.

"నువ్విక్కడికి ఎలా వచ్చావే?" అంది పంతులమ్మ.

"చెట్టు కింద నిలబడి ఆలోచించానండీ. వెళ్లినవాళ్లు రాలేదంటే నేలే మింగిందేమో అనిపించింది. దూరం నుంచి చూద్దామని వచ్చాను."

పంతులమ్మ సిగ్గుతో తల దించుకుంది.

మర్నాడు చెంగి మళ్లీ అదే పాఠం అందుకుంది. "దుప్పి వెళ్లింది, రాలేదు" అని టక్కున ఆగింది.

"పంతులమ్మా, అంటే... ఆ దుప్పి..."

ఈసారి ఒక్కరూ నవ్వలేదు. పంతులమ్మ కూడా "ముందు చదువు" అనలేదు.

నీతి: గడగడా చదివేది నోరు; ఆగి, ఎందుకని అడిగి చదివేది మనసు.