రాజుగారు కొరికిన ఆకు

వెనకటికి సముద్రతీరాన నల్లరేగడి నేలల రాజ్యం ఒకటి ఉండేది. దాన్నేలే ప్రచండవర్మకు గొప్పలంటే మహా ఇష్టం. మన పొగాకు కోసం ఓడలు బారులు తీరుతున్నాయి, రాజ్యమంతా అదే వేయిద్దామని మంత్రి చెప్పగానే ఉబ్బిపోయి, ఇకమీదట ప్రతి చేలోనూ పొగాకే వేయాలని చాటింపు వేయించాడు. తిండిగింజలు పొరుగు రాజ్యం నుంచి బళ్లమీద వస్తాయట. వేరే పంట కనబడితే చేను లాక్కుని, రైతును పొలిమేర దాటిస్తారట.

ఆ బళ్లు రాకపోతే పిల్లలకేం పెట్టాలన్న ఆలోచన రాజుగారికి రాలేదు. ఓబన్న అనే రైతుకు వచ్చింది. పొగాకు సాళ్ల మధ్య ఎవరికీ కనబడకుండా పెసలూ నువ్వులూ చల్లాడు. చల్లిన రోజునుంచీ అతనికి కంటిమీద కునుకు లేదు. గట్టుమీద ఎవరు దగ్గినా తలారే అనుకునేవాడు.

ఆ రాజ్యంలో తాతలనాటి ఆచారం ఒకటి ఉంది. కోతల మొదటిరోజు రాజు ఏదో ఒక చేను గట్టున కూర్చుని, ఆ చేలో పండినదే కడుపునిండా తిని కోతకు సెలవివ్వాలి. తినకుండా లేస్తే ఆ ఏడు రాజ్యంలో ఎవరూ కొడవలి పట్టరు. ఈసారి రాజుగారు అన్నిటికన్నా పచ్చగా ఉన్న చేను ఎంచుకున్నాడు. అది ఓబన్నదే.

కబురు వినగానే ఓబన్న ఇంటికి పరుగెత్తాడు. "అయిపోయింది తిరపతీ! చేను పోయినట్టే," అన్నాడు భార్యతో.

"ఊరికే బెంబేలెత్తకయ్యా. ఆయన చెప్పిందే పండించావుగా, అదే వడ్డించు. చేలో ఏరి దాచిన పెసలు నేను నానబోస్తా," అంది తిరపతమ్మ.

మర్నాడు పొద్దెక్కాక పల్లకీ దిగింది. వెంట మంత్రి, చుట్టూ ఊరంతా. ఓబన్న విస్తరి వేసి, అందులో కడిగిన పొగాకు ఒకటి పెట్టాడు.

"ఇదేమిట్రా?" అన్నాడు రాజు.

"ఈ చేలో పండింది ప్రభూ. తమరి ఆజ్ఞ."

రాజు మంత్రి వైపు చూశాడు. మంత్రి నేల చూపులు చూశాడు. రేవులో ఓడలు కాచుకుని ఉన్నాయి, లేవడానికి లేదు. రాజుగారు కొస కొరికాడు. నాలుక మండింది, కళ్లలో నీళ్లు తిరిగాయి, కిరీటం పక్కకు ఒరిగేదాకా దగ్గాడు.

"ఈ చేలో ఇంకేమీ పండలేదా?"

ఓబన్న చేతులు జోడించాడు. "పండితే నేను నేరస్థుణ్ణి ప్రభూ. పండకపోతే తమరు పస్తు. ఏది నిజం కావాలో తమరే సెలవివ్వండి."

రాజు ఆ ఆకును విస్తరి అంచుకు నెట్టాడు. "ఆకలి తీర్చినవాడు నేరస్థుడు ఎలా అవుతాడు? ముందు తీసుకురా!"

గట్టు వెనక తిరపతమ్మ పెనం చుయ్యిమంది. నువ్వులనూనెలో కాలిన పెసరట్లు వరసగా విస్తట్లో పడ్డాయి. రాజు నాలుగు తిని, అయిదోది అడిగి తిన్నాడు. అప్పుడు ఓబన్న వెళ్లి పొగాకు మొక్కలు పక్కకు తీసి చూపించాడు. సాళ్ల మధ్య పెసర మొక్కలు నేలంతా కమ్ముకుని ఉన్నాయి.

"ఇది నేలకు చేవ ఇచ్చింది కాబట్టే ఆకు ఇంత పచ్చగా ఉంది ప్రభూ," అన్నాడు.

రాజు పకపకా నవ్వాడు. ఆ నవ్వు విన్నాకే ఓబన్న గట్టుమీద చతికిలబడ్డాడు. రాజు తన చేతి కడియం తీసి తిరపతమ్మకిచ్చి, ఇకనుంచి ప్రతి చేలోనూ సగం తిండిపంట వేయాలని అక్కడికక్కడే చాటింపు వేయించాడు.

పల్లకీ ఎక్కబోతూ ఆగి, తాను కొరికిన ఆకును విస్తట్లోంచి తీసి మంత్రి చేతిలో పెట్టాడు.

"ఇది కొలువులో వేలాడదీయించండి. రాజ్యమంతా ఒకే పంట వేయమని ఎవరైనా సలహా చెప్పబోతే, ఈ ఆకులో మిగిలింది ముందు వాళ్లకు వడ్డిద్దాం. ఇవాళ్టికి మీరు మొదలుపెట్టండి!"